బల్ల మీద ఒకటే సీసా

"నాన్నా, ఆ ఫ్యాను కట్టెయ్. త్రాసు ఊగుతోంది."

మావాడు తలెత్తకుండానే అన్నాడు. కట్టేశాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, మే నెలలో, కార్లు పెట్టుకునే గ్యారేజీలో ఫ్యాను లేకుండా నిలబడటమంటే బెజవాడలో రోహిణీకార్తెలో డాబా మీద నిలబడటంలాంటిదే. అయినా అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. వాడి ముందు యాభై గుంటలున్న చెక్కదిమ్మ ఉంది. అందులో వరసగా చిటికెనవేలంత ఇత్తడి గొట్టాలు. పక్కన చిన్న త్రాసు. వాడు తూటాలు తయారుచేసుకుంటున్నాడు.

మూడేళ్ళ క్రితం ఫోన్లో "నాన్నా, రైఫిల్ కొన్నాను, గురి చూసి కొట్టే ఆటకి వెళ్తున్నాను" అన్నప్పుడు వాళ్ళమ్మ ఏడ్చినంత పని చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పిల్లాడికి తుపాకీ ఏమిటని. నేను ఏమీ అనలేదు. వారం రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదంతే. ఎందుకో వాడికీ తెలీదు, వాళ్ళమ్మకీ తెలీదు. కారణం చెప్పాలంటే యాభై తొమ్మిదేళ్ళు వెనక్కి, దివిసీమకి వెళ్ళాలి. వెళ్తాను గానీ ముందు గ్యారేజీ సంగతి చెప్పనివ్వండి.

మొదటి రోజే వాడు నాకో షరతు పెట్టాడు. "నువ్వు చూడు, ఎన్ని ప్రశ్నలైనా అడుగు. దేన్నీ ముట్టుకోకు." చాదస్తం అనుకున్నాను. కాదట. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు మామూలుగా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి చట్టం. వాడైతే సిటిజన్ అయ్యాకే కొనుక్కున్నాడు. సొంతానికి తూటాలు చేసుకోవడానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే కావాలి. మన దగ్గర సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచెయ్యడం నేరం. ఇది చదివి ఎవరూ ప్రయోగాలకి దిగకండి. నేను చెప్పబోయేది ఎలా చెయ్యాలన్నది కాదు.

అందుకని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ప్రిన్సిపాల్లాగా నిలబడేవాణ్ణి. ముప్పై రెండేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, నాకు అలవాటైన భంగిమే.

వాడి తుపాకీ చిన్న నంబరుది. పాయింట్ టూ టూ త్రీ రెమింగ్టన్ అంటారు. గుండు లావు ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాల్చాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని పారెయ్యకుండా శుభ్రం చేసి, అడుగున కొత్త ప్రైమరు పెట్టి, మందు పోసి, పైన కొత్త గుండు బిగిస్తే మళ్ళీ తూటా. కొనుక్కోవచ్చు కదరా అన్నాను. "కొన్నవి ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి నాన్నా. అన్నీ ఒకేలా ఉంటేనే వంద గజాల దూరంలో అయిదు గుళ్ళూ రూపాయి బిళ్ళంత జాగాలో పడతాయి" అన్నాడు. డబ్బు ఆదా అన్నది వాళ్ళావిడకి చెప్పే మాట. ఆ సామాను ఖరీదు చూస్తే ఆ ఆదా ఏ జన్మకో.

మందు తూకానికి వాళ్ళు వాడే కొలత గ్రెయిన్. అంటే గింజే. పూర్వం వాళ్ళూ ధాన్యపు గింజల్తోనే తూచారు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి గురిగింజ ఎత్తు 120 మిల్లీగ్రాముల చిల్లర కదా, అందులో సగం. మావాడి త్రాసు ఆ గింజలో పదో వంతు తేడా కూడా పట్టిస్తుంది. అందుకే ఫ్యాను ఆపమన్నాడు. ఏసీ గాలి తగిలినా, పక్కన సెల్‌ఫోన్ పెట్టినా అంకె కదులుతుందట. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు బరువు తెలిసిన చిన్న బిళ్ళ వేసి త్రాసు నిజం చెబుతోందో లేదో చూసుకుంటాడు. మా ల్యాబులో పిల్లలకి ఈ అలవాటు చేయించలేక నా గొంతు అరిగిపోయింది. వీడికి ఎవరు నేర్పారో!

"ఇంత పిసరు తేడాకి ఏమవుతుందిరా?" అన్నాను, జవాబు నాకు తెలిసి కూడా.

వాడు పుస్తకం తీసి చూపించాడు. మందు కంపెనీ వాళ్ళు, గుండు కంపెనీ వాళ్ళు అచ్చేసిన లెక్కలు. ఈ గొట్టానికి, ఈ గుండుకి, ఈ మందు ఎంత నుంచి ఎంత దాకా అని. వాడు ఎప్పుడూ కింది అంకెతోనే మొదలుపెడతాడు. గుండు మారినా, ప్రైమరు మారినా, మందు డబ్బా కొత్తది తీసినా మళ్ళీ కిందికి వచ్చి మొదలు. స్నేహితుడు చెప్పాడనో, ఇంటర్నెట్లో ఎవరో రాశారనో ఒక్క గింజ కూడా కలపడు. ఆ చిన్న తూటాలో పేలినప్పుడు పుట్టే ఒత్తిడికి పై హద్దు చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు. మన కారు టైరులో ఉండేది ముప్పై మూడో ముప్పై అయిదో. ఆ ఒత్తిడంతా అతని చెంపకి జానెడు దూరంలో పుడుతుంది.

పని వరస చూశాను. ముందు ఒక్కో గొట్టాన్నీ దీపం కింద తిప్పి చూస్తాడు. మెడ దగ్గర చీలిక ఉన్నా, అడుగు దగ్గర మెరిసే గీత పడ్డా పక్కన పారేస్తాడు. ఆ గీత దగ్గర ఇత్తడి పల్చబడిందని, ఈసారి తెగుతుందని గుర్తట. ప్రైమర్లు పెట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. అవి వచ్చిన పెట్టెలోనే ఉంటాయి, సీసాలో గలగలా పోసుకోకూడదు. ఒకటి పేలితే మిగిలినవన్నీ తోడవుతాయి. మనవరాలు గ్యారేజీలోకి రాకూడదు, అక్కడ ఎవరూ ఏమీ తినకూడదు, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాలిన ప్రైమరు మసిలో సీసం ఉంటుంది. మా కోడలు ఇచ్చిన మురుకులు నేను జేబులో వేసుకుని వెళ్తే బయటికి పంపించేశాడు.

మందు పోశాక చెక్కదిమ్మని వంచకుండా టార్చిలైటు వేసి యాభై గొట్టాల్లోకీ తొంగి చూస్తాడు. అన్నిట్లోనూ ఒకే మట్టం ఉండాలి. ఒకదాంట్లో రెండుసార్లు పడితే ప్రమాదం. అసలు పడకపోయినా ప్రమాదమే. ప్రైమరు ఒక్కటే పేలి గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. ఢాం అనాల్సింది ఫట్ అందంటే అక్కడితో ఆపెయ్యాలి, తుపాకీ ఖాళీ చేసి గొట్టం చూడాలి. ఇంకోటి వేసి నొక్కారో, అంతే సంగతులు. వాడి తూటాలో మందు దాదాపు నిండుగా వస్తుంది కాబట్టి రెండుసార్లు పోస్తే పొర్లిపోయి తెలిసిపోతుందిలే అన్నాడు. పిస్తోలు తూటాల్లో ఆ సౌకర్యం లేదట.

ఇదంతా వింటున్నా నా చూపు మాత్రం బల్ల మీద ఉన్న మందు సీసా దగ్గరే ఉంది. ఒక్కటే సీసా. మిగిలినవన్నీ గోడవార చెక్క బీరువాలో.

"ఇనప బీరువా కాదేంరా?"

"ఇల్లంటుకుంటే చెక్కదైతే కాలిపోతుంది. ఇనపదైతే బాంబవుతుంది" అన్నాడు. నిజమే. విడిగా కాలే మందు, మూసి బిగిస్తే పేలుతుంది.

"మరి ఒకటే సీసా?"

"బల్ల మీద ఎప్పుడూ ఒకటే ఉండాలి నాన్నా. పనయ్యాక మిగిలింది మళ్ళీ అదే సీసాలోకి. ఏ మందో అనుమానం వస్తే పారబొయ్యడమే. ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలో పొయ్యడం అనేది అసలు లేదు."

నాకు కాళ్ళల్లో సత్తువ పోయినట్టయింది. అక్కడున్న మడత కుర్చీలో కూర్చున్నాను.

మాది దివిసీమలో నాగాయలంక పక్క పల్లె. పెదనాన్నకి లైసెన్సు తుపాకీ ఉండేది. పన్నెండో నంబరు, ఒంటి గొట్టం, బెల్జియందని చెప్పేవాళ్ళు. గొట్టం మీద పాముచర్మంలా ఉంగరాల గీతలు. రాత్రుళ్ళు చేలో పందులకి, చలికాలంలో పరజలకి. అప్పటికి 1972 వన్యప్రాణి చట్టం రాలేదు. వేట తప్పని ఎవరికీ తట్టేది కాదు. పరజల కూర ఉన్న రోజు మా ఇంటికి చుట్టాలు ఎక్కువ వచ్చేవాళ్ళు.

సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలి. బజార్లో కొన్న కాగితపు తూటాలు వానాకాలం వెళ్ళేసరికి ఉబ్బిపోయి తుపాకీలో దూరేవి కావు. అందుకని పెదనాన్న ఇత్తడి గొట్టాలు తెప్పించుకుని ఇంట్లోనే నింపుకునేవాడు. అరుగు మీద చాప, లాంతరు, చుట్టూ మేం. అడుగున టోపీ, ఆపైన మందు, అట్ట బిళ్ళ, సీసపు గుళ్ళు, మళ్ళీ అట్ట బిళ్ళ, పైన మైనం. అట్ట బిళ్ళలు కొట్టడం పిల్లల పని. ఊళ్ళోవాళ్ళ శుభలేఖలన్నీ అలా పరజల పాలయ్యేవి. దీపావళికి మతాబాలు, చిచ్చుబుడ్లు కూరేదీ అదే చాప మీద, అదే చేతుల్తో. మందంటే మాకు భయం ఉండేది కాదు. మన భాషలోనూ చూడండి, రోగానికీ మందే, చేనుకీ మందే, సారాయీ మందే, తుపాకీలోకీ మందే.

పెదనాన్న మందు తూచేవాడు కాదు, కొలిచేవాడు. పురికొస కట్టిన చిన్న ఇత్తడి గరిటె. నిండా తీసి గోటితో చదును చేసి పోస్తే ఒక తూటాకి సరి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు నల్లటి తుపాకిమందుకి ఆ పద్ధతి చాలు. కాస్త అటూ ఇటూ అయినా అది క్షమిస్తుంది.

ఉబ్బిపోయిన కాగితపు తూటాల్ని కూడా ఆయన పారేసేవాడు కాదు. చాకుతో కోసి గుళ్ళు ఒక దాంట్లో, మందు ఒక దాంట్లో దాచేవాడు. ఆ మందు వేరే జాతిది. దూదిని నత్రికామ్లంతో మార్చి చేసే పొగరాని మందు. దాని సంగతి పెదనాన్నకి కొంత తెలుసు. "ఇది మన గొట్టానికి పడదు" అని మా నాన్నతో అనడం విన్నాను. మరి ఎందుకు దాచాడంటే, పారెయ్యడానికి మనసొప్పక. దాన్ని ఒక కోకో డబ్బాలో పోసి అటక మీద పెట్టాడు. ఎర్ర రంగు, బిగుతు మూత, మెరుస్తూ ఉండేది. చీటీ లేదు, రాత లేదు. ఏది ఏమిటో ఆయన తలలోనే ఉంది.

1966 వేసవి. నాకు తొమ్మిదేళ్ళు. నా గోళీలకి డబ్బా కావాలి. అటకెక్కాను. కోకో డబ్బా మూత తీస్తే నల్లగా ఏదో మందు. పక్కనే పెద్ద రేకు డబ్బా, అందులోనూ అడుగున గుప్పెడు నల్లటి మందు. రెండూ మందే కదా అనుకున్నాను. దీన్ని దాంట్లో వంపేసి, కోకో డబ్బా తీసుకెళ్ళి కాలవలో ఇసక పెట్టి తోముకున్నాను. అంతే. అర నిమిషం పని.

ఆ పొగరాని మందుకి నల్లటి గ్రాఫైట్ పూత ఉంటుందని, లాంతరు వెలుగులో చూస్తే రెండింటికీ తేడా తెలీదని నాకు ఇరవై ఏళ్ళ తర్వాత అర్థమైంది, ఎమ్మెస్సీ చదివిన కొన్నాళ్ళకి. ఇంకోటి కూడా అర్థమైంది. నల్ల మందు ఒక పద్ధతిలో కాలుతుంది. పొగరాని మందు అలా కాదు. ఒత్తిడి పెరిగే కొద్దీ దాని మంట వేగం పెరుగుతుంది, మంట వేగం పెరిగే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. గడ్డివాము అంటుకున్నప్పుడు గాలి తోడైనట్టు. నల్ల మందు గరిటెతో దాన్ని నిండా కొలిచి పోస్తే ఏ గొట్టానికైనా ఎక్కువే. ఆ ఉంగరాల గీతల గొట్టాలు అసలు ఆ మందు కోసం చేసినవే కావు.

ధనుర్మాసంలో ఒక రాత్రి పెదనాన్న నాలుగు తూటాలు నింపాడు. అట్ట బిళ్ళలు నేనే అందించాను. తెల్లవారుజామున చేలోకి వెళ్ళాడు. ఇంట్లో పక్క మీద ఉన్న నాకు ఆ చప్పుడు వినిపించింది. రోజూ వినే చప్పుడు కాదు. ఊళ్ళో కుక్కలన్నీ ఒక్క క్షణం ఆగి తర్వాత మొరిగాయి.

మంచం మీద మోసుకొచ్చారు. ఎడమచేతి రెండు వేళ్ళు లేవు, మూడోది వేలాడుతోంది. చెంప కాలింది. ఆ చెవి మళ్ళీ వినిపించలేదు. తుపాకీ గొట్టం వెనక వైపు అరటిపువ్వు దొప్పల్లా విచ్చుకుంది. ఎవరిదో జీపులో బందరు తీసుకెళ్ళారు. ఊళ్ళో తలా ఒక మాట. గొట్టంలో బురద పోయుంటుందని ఒకరు, పాత ఇనుము అని ఒకరు, నోరులేని పక్షుల ఉసురని మా నాయనమ్మ. మందు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మూడు రోజులు జ్వరం పడ్డాను. అందరూ భయంతో అనుకున్నారు. భయమే.

నెల తర్వాత పెదనాన్న ఇంటికొచ్చాడు. నేను అరుగు మీద గోళీలు పోసుకుని కూర్చున్నాను, పక్కన కోకో డబ్బా. ఆయన గుమ్మంలో ఆగాడు. డబ్బా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత "బాగా కడిగావురా దాన్ని?" అన్నాడు. తలూపాను. లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తుపాకీ ముక్కలు స్టేషన్లో అప్పగించేశారు. ఆ సంవత్సరం నుంచి మా ఇంట్లో దీపావళి మందు కూరలేదు.

చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. కాలేజీలో చేరాక, ఉద్యోగం వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. నేను బెజవాడలో చదువుకుంటూ ఉండిపోయాను కాబట్టి బతికాను. పోయిన వేలమందిలో పెదనాన్న ఒకరు. మూడోరోజున, తుమ్మచెట్ల దగ్గర, ఎడమచెయ్యి చూసి గుర్తుపట్టాం.

ఇదంతా మావాడికి ఆ గ్యారేజీలో చెప్పాను. వాళ్ళమ్మకి కూడా చెప్పనిది. చెబుతున్నంతసేపూ వాడు చేతిలోని గొట్టాన్ని అలాగే పట్టుకుని ఉన్నాడు. తర్వాత "పెద్ద తాతయ్యకి తెలుసంటావా నాన్నా?" అన్నాడు.

"నాకు తెలీదురా" అన్నాను.

వాడు ఇంకేం అడగలేదు. ఓదార్చలేదు కూడా. గొట్టాల్లో పోసిన మందంతా ఒక్కోటే వంపి, సీసాలోకి తిరిగి పోసి, మూత బిగించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పని సగంలోనే ఉంది.

"అదేంట్రా, ఆపేశావు?"

"ఇవాళ మనసు ఇక్కడ లేదు. మనసు లేనప్పుడు చెయ్యకూడదు" అన్నాడు. అదీ వాళ్ళ నియమాల్లో ఒకటేనట.

ఆ రాత్రి నిద్ర పట్టక చాలా గుర్తొచ్చాయి. మా వైపు ఇప్పటికీ పురుగుమందు కూల్‌డ్రింకు సీసాల్లో పోసి గూట్లో పెట్టే ఇళ్ళు ఎన్ని చూశానో. కాలేజీ ల్యాబులో చీటీ లేని సీసా కనపడితే నేను ఎంత గొడవ చేసేవాణ్ణో కూడా గుర్తొచ్చింది. ఒకసారి ఓ అటెండరు ఆసిడ్‌ని మంచినీళ్ళ సీసాలో పోశాడని అతని మీద ఎంత అరిచానంటే, పాపం ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు. సారుకి చాదస్తం అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ.

తర్వాతి ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మావాడు మళ్ళీ గ్యారేజీ తెరిచాడు. నేను నా మడత కుర్చీ వేసుకున్నాను. ఫ్యాను నేనే కట్టేశాను. యాభైకీ మందు పోసి, టార్చి వేసి చూసి, గుళ్ళు బిగించి ప్లాస్టిక్ పెట్టెలో సర్దాక, వాడు తెల్ల స్టిక్కరు కాగితం, స్కెచ్ పెన్ను తెచ్చి నా చేతికిచ్చాడు.

"తూటా ముట్టుకోకూడదు గానీ చీటీ రాయొచ్చు నాన్నా. నీ చేతిరాత బాగుంటుంది కదా. చెబుతాను, రాయి. ముందు తేదీ."

రాశాను. మందు పేరు, తూకం, గుండు బరువు, ప్రైమరు రకం. బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, పెద్ద అక్షరాలు. వాడు పుస్తకంతో ఒకసారి సరిచూసి పెట్టె మూత మీద అంటించాడు. ఒక మూల లేస్తోందని బొటనవేలితో మళ్ళీ నొక్కాడు.